ఎదురుదీపం నోము

జూలై 13, ఆదివారం

పదో తరగతి పరీక్షల తర్వాత నేను సొంతంగా రాసింది ఒక్కటే, రెండు పేజీలు. దాని వల్లే ఇవాళ మళ్లీ కలం పట్టాను. పూజలో కూర్చుని చెప్పుకుందామంటే నోరు రావడం లేదు. ఆయనకు చెబితే నవ్వుతారు, లేదా కోప్పడతారు. రెండూ ఇప్పుడు పడలేను. మా అమ్మాయి యశస్విని కాలేజీ నోటుబుక్కు సగం ఖాళీగా ఉంది. ఇందులో రాసుకుంటాను.

పొద్దున రామలక్ష్మమ్మ వచ్చింది. పదకొండేళ్లుగా హార్బర్ నుంచి బస్సులు మారి పెందుర్తిలో మా వీధికి చేపలు తెస్తోంది. వాళ్లబ్బాయి ఉదయ్‌కుమార్ వెళ్లిన బోటు జూన్ 15న బయలుదేరింది, వేట నిషేధం తీసిన రోజే. ఏడుగురు వెళ్లారు. ఇరవయ్యో తారీఖు దాకా వైర్‌లెస్‌లో పలికారట. ఆ తర్వాత లేదు. కోస్ట్‌గార్డ్ వాళ్లు వెతికి మానేశారు.

కోడలు ఎలా ఉందని అడిగాను. శ్రీవల్లికి ఏడో నెల. రామలక్ష్మమ్మ బుట్ట దించి, కొంగుముడిలోంచి ఒక జిరాక్స్ కాగితం తీసింది.

"మా గుంట నోము పట్టిందమ్మా. మూడు వారాలయిపోనాయి. మొదటి వారం ఉప్పు వదిలీసింది, రెండో వారం సింతపండు, మొన్న శుక్కురోరం నూనె. వదిలింది మళ్లీ ముట్టకూడదంట. ఇందులో అయిదు వారాల మట్టుకే ఉన్నాది. మీకు నోములన్నీ తెలుసు గదా. ఆరో వారం ఏటి వదలాలో సూసి సెప్పండి."

కాగితం అందుకున్నాను. పైన 'ఎదురుదీపం నోము', అడుగున పేజీ నెంబరు 14. చివరి మాట 'ఆరో వారమున'. చదవక్కర్లేదు. ఒక్కో అక్షరం నాకు తెలుసు. రాసింది నేనే.

"చూసి చెబుతాను" అన్నాను.

అదే అన్నాను.

జూలై 14, సోమవారం

అసలు ఎలా రాశానో రాసుకుంటే ఎక్కడ తప్పానో తెలుస్తుంది.

మా కాలనీ హాస్యవేదిక వాళ్లు ఏటా ఏప్రిల్ ఒకటికి ఏదో ఒక పత్రికకు పేరడీ సంచిక వేస్తారు. ఒక ఏడాది సినిమా పత్రిక, ఒక ఏడాది రైతుల పత్రిక. అట్ట దగ్గర నుంచి ప్రకటనల దాకా అచ్చం అదే అనిపించాలి, లోపల అంతా నవ్వు. నడిపేది భీమశంకరరావు గారు. పోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు, అమలాపురం వైపు మనిషి. ఈసారి భక్తి మాసపత్రిక వేద్దామనుకున్నారు. మా అత్తగారికి ఇరవై రెండేళ్లు అలాంటి పత్రికలు పైకి చదివి వినిపించానని ఎవరో చెప్పారట, ఇంటికి వచ్చి అడిగారు. మీకు ఆ గొంతు వచ్చు కాంతమ్మా, ఒక నోము రాయండి అన్నారు.

ఆయన రాసిన రాశిఫలాలు చూపించారు. 'మేషం: గ్యాస్ సిలిండర్ గురువారం వచ్చును. గురువారం మీరు ఇంట ఉండరు.' చాలా రోజుల తర్వాత పైకి నవ్వాను.

కిటుకు కూడా చెప్పారు. "మొదటి రెండు వాక్యాలూ అచ్చం వాళ్లలాగే ఉండాలండి. మూడోది జారాలి. జారలేదంటే అది పేరడీ కాదు, దొంగనోటు. ఇంకొకటి. మనం వెక్కిరించేది పత్రికని. దేవుణ్ని కాదు."

ఆ రెండో మాట పట్టుకున్నాను. ఏ అమ్మవారి పేరు పెట్టినా అపచారం అవుతుందని భయం వేసింది. అందుకని లేని తల్లిని తెచ్చాను. ఎదురుదీపం తల్లి. బయటికి వెళ్లి తిరిగి రానివారి కోసం పట్టే నోము. గడప బయట దీపం పెట్టాలి, వత్తి మొహం వీధి వైపు ఉండాలి. పక్కన వాళ్ల కంచం బోర్లించకుండా వెల్లకిలా ఉంచాలి. తొమ్మిది శుక్రవారాలు. వారానికొకటి వదలాలి. నోము ముగిసేదాకా ఇంట్లో ఎవరూ ఏడవకూడదు. ఎవరి దేవతా కాదు కాబట్టి ఎవరికీ నొప్పి ఉండదనుకున్నాను.

మూడో వాక్యం మాత్రం జారలేదు. కథ బాగా వస్తోంది కదా, ఇంకాస్త ఇలాగే పోనిద్దాం, నమ్మినకొద్దీ తర్వాత నవ్వు ఎక్కువ వస్తుంది అనుకున్నాను. ఉప్పు, చింతపండు, నూనె, పాలు, పప్పు అని ఐదు వారాలు నిజంగా నడిపాను. నవ్వు ఆరో వారంలో పెట్టాను. అది పదిహేనో పేజీ.

భీమశంకరరావు గారు చదివారు. "పద్నాలుగో పేజీలో నవ్వు రాలేదమ్మా. కానీ ఒళ్లు జలదరించింది" అన్నారు.

అది మెచ్చుకోలు అనుకున్నాను.

జూలై 16, బుధవారం

రామలక్ష్మమ్మ రాలేదు. వస్తే చెబుదును.

జూలై 18, శుక్రవారం

ఇవాళ ఆ పిల్ల పాలు వదిలేస్తుంది.

కాఫీ కలుపుకున్నాను. ఆయన ఎందుకు తాగలేదని అడిగితే వేడిగా ఉందన్నాను. చల్లారాక పారబోశాను.

జూలై 20, ఆదివారం

రామలక్ష్మమ్మ వచ్చింది. నర్సు తూకం చూసి కేకలేసిందట. రక్తం తక్కువగా ఉంది, లోపల బిడ్డ పెరగడం లేదు, ఇలాగైతే ఆసుపత్రిలో పెట్టేస్తామన్నదట. శ్రీవల్లి మాత్రలు మింగుతుంది గానీ అన్నంలో నీళ్లు పోసుకుని చప్పగా తింటోంది. పాలు ముట్టడం లేదు.

రామలక్ష్మమ్మకు కోపమంతా నర్సు మీదే. నోము మీద లేదు. నాలుగిళ్లవతల ఎవరికో ఇలాగే తప్పిపోయినవాడు వచ్చాడని హార్బర్‌లో చెప్పుకుంటున్నారట. ఎవరు, ఎప్పుడు అంటే తెలియదంది.

చెప్పాను. అంటే, కడుపుతో ఉన్నవాళ్లు ఉపవాసాలు చేయకూడదు, అది శాస్త్రంలోనే ఉంది అని చెప్పాను. మెల్లగానే చెప్పాను. నా గొంతు ఎప్పుడూ పెద్దది కాదు. ఆవిడ తల ఊపి, "అదే నాను కూడా అన్నానమ్మా. కాయితంలో అలగ నేదు గదా అంటాది" అంది.

కాగితంలో లేదు. నిజమే. రాసి ఉండాల్సింది.

ఆరో వారం సంగతి మళ్లీ అడిగింది. పుస్తకం వెతుకుతున్నానన్నాను.

జూలై 22, మంగళవారం

గోపాలపట్నంలో బంధువులింటికి వెళ్లి సాయంత్రం బస్సులో వస్తుంటే ఒక ఇంటి గడప బయట దీపం కనిపించింది. మంగళవారమే, శుక్రవారం కూడా కాదు. వత్తి వీధి వైపు ఉంది. పక్కన స్టీలు కంచం వెల్లకిలా ఉంది. ఆ ఇంట్లో ఎవరు వెళ్లారో, ఎప్పుడు వెళ్లారో. బస్సు కదిలిపోయింది.

హాస్యవేదిక వేసింది రెండు వందల ప్రతులు. అన్నీ కాలనీలోనే పంచారు. ఎవరో పద్నాలుగో పేజీ ఒక్కటే ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. లోకంలో అలాంటివాళ్లు ఉంటారు. ముందూ వెనకా చూడరు.

జూలై 24, గురువారం

ఎవరో కాదు. నేనే.

ఏప్రిల్ రెండున మా అత్తవారి ఎలమంచిలి వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పదిహేనో పేజీ పెట్టలేదు. అది పెడితే నవ్వు సంచిక అని తెలిసిపోతుంది. నా అక్షరం అచ్చవడం అదే మొదటిసారి. నేను రాసిందని ఎవరైనా పోల్చుకుంటారేమో చూద్దామనుకున్నాను. మా పెద్దాడపడుచు దండాల బొమ్మలు ఆరు పెట్టింది. మా మరిది భార్య 'ఏ పత్రిక అక్కా, చాలా మహిమగల నోములా ఉంది' అని అడిగింది. ఎంత సంతోషం వేసిందో. జవాబు ఇవ్వలేదు. తర్వాత చెబుదామనుకున్నాను. ఈలోపే వాళ్లు తమ వాళ్లకు పంపుకున్నారు.

పూజలో మూడుసార్లు లెంపలు వేసుకున్నాను. అది సరిపోదని తెలుసు.

జూలై 27, ఆదివారం

హార్బర్‌కి వెళ్లాను. మొన్న శుక్రవారం పప్పు కూడా వదిలేసిందని తెలిశాక ఇంట్లో ఉండలేకపోయాను. సంచిక మొత్తం సంచిలో పెట్టుకున్నాను.

వెళ్లేసరికి చేపల వేలం అయిపోయింది. రామలక్ష్మమ్మ నన్ను చూసి కంగారు పడి, వెనక సందులోకి తీసుకెళ్లింది. ఒకటే గది. గడప బయట మట్టి ప్రమిద, నల్లని మసి. కంచం మీద ఈగ వాలకుండా గుడ్డ కప్పి ఉంది. ఆ మాట నేను రాయలేదు. వాళ్లే పెట్టుకున్నారు.

శ్రీవల్లి మంచం మీద కూర్చుని ఉంది. ఇరవై రెండేళ్లుంటాయి. మణికట్లు పుల్లల్లా ఉన్నాయి, కడుపొక్కటే కనిపిస్తోంది. ఇంటర్ చదివింది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను.

తిన్నగా చెప్పేశాను. ఈ నోము లేదమ్మా, ఏ పుస్తకంలోనూ లేదు, నవ్వుకోడానికి నేను కల్పించి రాశాను అన్నాను.

ఆ పిల్ల నా మొహం చూసింది. తర్వాత అత్తగారి మొహం చూసింది.

"అత్తా, నువ్వే తీసుకొచ్చినావా అమ్మని? నా సేత తినిపించడానికి?"

రామలక్ష్మమ్మ ఒట్టు వేసింది. నేను సంచిక తీసి ఒళ్లో పెట్టాను. అట్ట చూసింది, రాశిఫలాలు చూసింది, పద్నాలుగో పేజీ పెదాలు కదుపుతూ చదివింది. పేజీ తిప్పింది. ఆరో వారం టీవీ సీరియల్ వదలవలెను. ఏడో వారం ఆడపడుచు ఫోను ఎత్తుట మానవలెను. ఎనిమిదో వారం పక్కింటి కబుర్లు. తొమ్మిదో వారం, ఇది మహా కష్టము, నోము పట్టినట్లు పదిమందికి చెప్పుకొనుట మానవలెను. ఉద్యాపనకు సంపాదకుల వారి భార్యకు పట్టుచీర.

ఆ పిల్ల నవ్వలేదు. కోప్పడనూ లేదు. పుస్తకం మూసి నా చేతికిచ్చింది.

"ఇది రాసినోళ్లు వేరు, అది రాసినోళ్లు వేరు అమ్మా. అది రాసినావిడ ఎవరి కోసమో ఎదురుసూసింది. ఇది రాసినోళ్లకి ఏటీ పోనేదు."

రెండూ నావే అన్నాను.

"మీరు మంచోరు, అందుకే అలగ సెప్తన్నారు. ఎవరో నిజం నోముని ఎత్తి తెచ్చి ఎకసెక్కం సేసినారు. మొదటి పేజీ నిజందే ఉంచీసినారు. మీకు సదువుకున్నోళ్లు తెలుసు గదా. నిజం రెండో పేజీ ఎక్కడున్నాదో తెచ్చి సూపించండి. అందులో తినీమని ఉంటే తినీస్తాను."

రామలక్ష్మమ్మ బస్సు దాకా వచ్చింది. బస్సు ఎక్కేటప్పుడు, "ఇంకెవరి మాటా ఇనదమ్మా ఇది" అంది.

జూలై 28, సోమవారం

అది రాసినావిడ ఎవరి కోసమో ఎదురుచూసింది, అంది.

నేను పదో తరగతిలో ఉండగా మా నాన్న లాంచీ మీద కళాసీగా వెళ్లి తిరిగి రాలేదు. లాంచీ వచ్చింది. ఆయన రాలేదు. ఎక్కడ దిగాడో ఎవరూ చెప్పలేదు. మా అమ్మ తను పోయేదాకా ఆయన కంచం బోర్లించనివ్వలేదు. కడిగి వెల్లకిలా పెట్టమనేది.

కంచం సంగతి కల్పించాననే అనుకున్నాను. మార్చిలో ఆ పేజీ రాస్తున్నప్పుడు అమ్మ గుర్తు రాలేదు. నిజంగా రాలేదు.

అందుకేనేమో మూడో వాక్యం జారలేదు.

ఆగస్టు 1, శుక్రవారం

రామలక్ష్మమ్మ ఫోన్ చేసింది. పేజీ రాలేదు కాబట్టి ఆరో వారానికి శ్రీవల్లే ఆలోచించుకుందట. అన్నం వదిలేసింది. అటుకులు నానబెట్టి, ఇంత బెల్లం వేసుకుని తింటోంది.

ఏడో వారానికి అటుకులు కూడా వదిలేస్తుందేమోనని భయంగా ఉందంది. గొంతులో ఏడుపు లేదు. ఏడవకూడదని నేనే రాశాను.

ఆగస్టు 3, ఆదివారం

నిజం రెండో పేజీ.

రోజంతా అదే.

ఆగస్టు 4, సోమవారం

పొద్దున్నే కూర్చున్నాను. గంట పట్టలేదు. ఆ గొంతు ఇంకా నాలోనే ఉంది, పిలిస్తే వచ్చేసింది.

'నోము పట్టిన స్త్రీ గర్భవతి అయిన యెడల తొమ్మిది వారములు ఆగరాదు. ఏ వారమున తెలిసిన ఆ వారముననే ఉద్యాపన చేసికొనవలెను. అత్తగాని తల్లిగాని, విడిచిన వస్తువులన్నియు ఇంట వండి, తమ చేతితో ముద్దలు చేసి తినిపించవలెను. తిననిచో నోచిన ఫలము దక్కదు. తిన్నంతమాత్రమున దీపము మానినట్లు కాదు. దీపము తమ ఇష్టము. ఎదురుచూపునకు ఉద్యాపన లేదు.'

చివరి వాక్యం ముందు అనుకోలేదు. కొట్టేద్దామని రెండుసార్లు చూశాను. అది లేకపోతే ఆ పిల్ల నమ్మదనిపించింది. ఉంచాను.

సాయంత్రం దీపం పెట్టి వెనక్కి తిరిగి చూస్తే వత్తి గుమ్మం వైపు ఉంది. నేనే పెట్టాను, ఎప్పుడు అలా తిప్పానో తెలియదు. మళ్లీ దేవుడి వైపు తిప్పాను. వచ్చేవారి కోసం పెట్టానో, వస్తారేమోనని భయపడి తిప్పానో.

ఆగస్టు 5, మంగళవారం

భీమశంకరరావు గారింటికి వెళ్లాను. ఆయన నన్ను చూడగానే వచ్చే ఏడాది సంచిక గురించి మొదలుపెట్టారు, పెళ్లిసంబంధాల పత్రిక వేద్దామని. వరుడి ఎత్తు, బరువు, వాళ్లమ్మ నోరు ఎంత దూరం వినిపిస్తుందో కొలత. ఆయన్ని చెప్పనిచ్చాను. తర్వాత కాగితం ఇచ్చి మొత్తం చెప్పాను.

కళ్లద్దాలు పెట్టుకుని చదివారు. మళ్లీ చదివారు.

"ఇందులో జారే వాక్యం ఏదమ్మా?"

"లేదండి."

"మార్చిలో మీరు తెచ్చినప్పుడే నేను ఆపాల్సింది. బాగుందని ఆపలేదు" అన్నారు. "ఎడిటర్ననుకున్నాను."

ఆయనే కంప్యూటర్ ముందు కూర్చున్నారు. పద్నాలుగో పేజీకి వాడిన అక్షరాలే, అంచున అదే తీగ బొమ్మ. కొత్తగా ఉంటే అనుమానం వస్తుందని జిరాక్స్‌కి జిరాక్స్ నాలుగుసార్లు తీయించారు. నాలుగోదాంట్లో అక్షరాల కాళ్లు అరిగిపోయి నిజంగా ఎక్కడో పాత బీరువాలో దొరికినట్లు వచ్చింది. ఆ కాగితం చూస్తే నాకే నమ్మకం కలిగింది. ఒక్క క్షణం. రాసింది నేనని తెలిసి కూడా.

పెళ్లిసంబంధాల సంచిక మాట మళ్లీ ఎత్తలేదు.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. కలశం నిలబెట్టి, పూజ ముగించి, తోరం కట్టుకుని, ప్రసాదం కూడా నోట్లో వేసుకోకుండా బయలుదేరాను. హార్బర్‌లో ఎవరికో ఇవ్వాలన్నాను. ఆయన పండగపూటా అన్నారు, అంతే.

శ్రీవల్లి గోడకు ఆనుకుని ఉంది. కాగితం రెండు చేతులతో పట్టుకుంది. పద్నాలుగో పేజీ తీసి పక్కన పెట్టుకుని అక్షరాలు పోల్చింది. అంచు తీగను వేలితో తడిమింది. నేను చాప మీద కూర్చున్నాను. రామలక్ష్మమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, కాగితంలో ఏముందో ఆవిడకు ఇంకా తెలియదు.

చదవడం అయిపోయాక ఆ పిల్ల కాగితం కిందికి దించి నా వైపు చూసింది.

"అమ్మా. ఇదీ మీరే రాసినారా?"

పన్నెండు రోజుల క్రితం నిజం చెప్పాను. నమ్మలేదు. ఇప్పుడు ఆ నిజమే మళ్లీ చెబితే నమ్ముతుంది. కళ్లలోనే తెలిసిపోయింది, నమ్మడానికి సిద్ధంగా ఉంది. నమ్మితే రెండో పేజీతో పాటు మొదటిదీ పోతుంది. దీపమూ పోతుంది. అప్పుడైనా తింటుందా? ఏమో. ఏడుస్తుంది. ఏడిచాక తింటుందో తినదో నాకు తెలియలేదు. చేతికి తోరం ఉంది.

"లేదమ్మా" అన్నాను. "పుస్తకంలోదే."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆ పిల్ల కాగితం కళ్లకద్దుకుని, అత్తగారితో, "అత్తా, అన్నం వండు. పప్పులో ఉప్పెయ్యి. సింతపండు సారు ఎట్టు" అంది.

రామలక్ష్మమ్మ పొయ్యి దగ్గరికి పరిగెత్తింది. నూనె లేదని పక్కింట్లో అడిగి తెచ్చింది. పాలు నేను వెళ్లి తెచ్చాను. ముద్దలు కలిపి నోట్లో పెడుతుంటే శ్రీవల్లి కళ్లు మూసుకుని నమిలింది. రెండో ముద్దకు పొలమారింది. మూడో ముద్దకు, ఉప్పెక్కువైపోనాది అంది. రామలక్ష్మమ్మ, "ఆరు వారాలది ఒకేపాలి ఏసీసినాను, తిను" అంది. ఇద్దరూ కొంచెం నవ్వారు.

నాకు కూడా ఒక ముద్ద పెట్టబోయారు. వద్దన్నాను.

ఆగస్టు 13, బుధవారం

రామలక్ష్మమ్మ వచ్చింది. శ్రీవల్లి రెండు పూటలా తింటోందట, నర్సు ఇంజెక్షన్ చేసిందట. బోటు గురించి ఏమీ లేదు. దీపం మానలేదు. ప్రతి సాయంత్రం పెడుతోంది, శుక్రవారమే కాదు.

మిగతా ఆరుగురి ఇళ్లవాళ్లు కూడా కాగితం అడిగారట. రెండు పేజీలూ జిరాక్స్ తీయించి ఇచ్చింది.



ఆగస్టు 17, ఆదివారం

ఇక రాయను. ఒక్క మాట రాసి ఆపుతాను.

యశస్వినీ, నేను పోయాక ఈ పుస్తకం నీ చేతికే వస్తుంది. చింపకు. కాల్చకు. ఆ నోము ఇప్పుడు ఎన్ని ఇళ్లలో ఉందో నాకు తెలియదు. ఏదో ఒక రోజు ఏదో ఒక పిల్ల మొదటి పేజీ పట్టుకుని తిండి మానేస్తుంది, రెండో పేజీ దాని దాకా చేరదు. అప్పుడు ఇది ఎక్కడ పుట్టిందో చెప్పడానికి ఒక్క మనిషైనా ఉండాలి. అందుకు దాచు.

అందాకా ఎవరికీ చూపించకు. మీ నాన్నకు కూడా. ముఖ్యంగా హార్బర్‌లో ఆ పిల్లకు. బిడ్డ పుట్టి, పెరిగి పెద్దయినా సరే. ఉదయ్‌కుమార్ తిరిగి వచ్చినా సరే, రాకపోయినా సరే. ఆ రోజు నా ఒట్టు మీద అన్నం తింది. అది తిరిగి అడగకూడదు.